మెడ దగ్గర గీత

తిరిగొచ్చిన పెట్టెని గుమ్మం దగ్గరే దింపించి, ఓనరు అందులోంచి ఒక పిన్ను తీసి చేత్తో ఊపుకుంటూ షాపులోకి వచ్చాడు. బస్సు స్టీరింగు కీళ్లలో బిగించే బాల్ పిన్ను అది. పైన గుండ్రని తల, దాని కింద సన్నని మెడ, ఆ కింద ఒళ్లు, చివర నట్టు బిగించే మర. మెడ చుట్టూ వెంట్రుకంత గీత పడింది. బస్సుల కంపెనీ ఫిట్టరు బిగించబోతూ అది చూసి పెట్టె మొత్తం మొహాన కొట్టాడట. మెడ దగ్గర గీత ఉన్న పిన్ను ఏదో ఒక రోజు అక్కడే పుటుక్కుమంటుంది. ఆ తర్వాత డ్రైవరు చక్రం ఎటు తిప్పినా బస్సు తనకి నచ్చిన వైపే పోతుంది.

"ఎవరిదీ నిర్వాకం?" అన్నాడు ఓనరు.

అడగాల్సిన పని లేదు. ఆ షాపులో బాల్ పిన్నులు కోసేది కాపీ లేతు ఒక్కటే. దాని మీద నిలబడేది పిచ్చుక ఒక్కతే. మనిషి పొట్టి. హ్యాండిలు అందడానికి కాళ్ల కింద చెక్కపీట వేసుకుంటుంది. పనిలో చేరిన రోజున ఆ పీట స్వయంగా కొట్టి తెచ్చి, "ఎక్కు పిచ్చుకా, ఎగిరిపోకు" అన్నది వాళ్ల బావ. అక్క మొగుడు. షాపుకి మేస్త్రి ఆయనే. ఆ పేరు అప్పటినుంచి ఆమెకి అతుక్కుపోయింది. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి ఎవరినో అని చూస్తుంది.

కాపీ లేతుకి సొంత బుద్ధి ఉండదు. దాని వీపున మాస్టరు అనే ఉక్కు పలక బిగిస్తారు. పలక అంచుని ఒక ఇనప ముల్లు తడుముకుంటూ పోతుంటే, ఇవతల టూలు అచ్చంగా అదే దారిలో లోహాన్ని కోస్తుంది. అంచు ఏ ఒంపు తిరిగితే పిన్నూ ఆ ఒంపే తిరుగుతుంది. ఆ పలకల్ని ఆకురాయితో రాకి, వేలితో తడిమి, మళ్లీ రాకి తయారుచేసేది మేస్త్రి. ఆయన చేతి మాస్టరంటే ఎవరూ తిప్పి చూడరు. పిన్ను తలకి కొలత చూసే గేజీ ఉంది, మరకి గేజీ ఉంది, మెడకి మాత్రం లేదు. మెడని మేస్త్రి చేతికి వదిలేశారు.

బావ పిన్నుని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. వెలుగుకి పెట్టి బొటనవేలితో మెల్లగా తిప్పాడు. ఒక్కొక్కరే మిషన్లు ఆపేశారు. తిప్పాల్సిన దానికన్నా ఎక్కువసేపే తిప్పాడు.

"టూలు మొన చిట్లింది," అన్నాడు చివరికి, పిన్ను మీంచి కళ్లెత్తకుండా. "చూసుకోలేదు మా పిచ్చుక."

'మా' అన్న మాట అప్పుడామెకి ఊరటగానే తగిలింది.

టూలు చిట్లిందా? ఎప్పుడు? పని మొదలుపెట్టేముందు మొన తడిమి చూడందే ఆమె మిషను తిప్పదు. కానీ బావ చూసి చెప్పాక తను ఆలోచించేదేముంది? టూలు పట్టుకోవడం నేర్పింది ఆయన. మొన అరిగితే కోత చప్పుడు ఎలా మారుతుందో కళ్లు మూయించి వినిపించింది ఆయన. తన కళ్ల మీద కన్నా ఆయన మాట మీద ఆమెకి గురి ఎక్కువ.

"పొరపాటైంది సార్," అంది తలొంచుకుని.

"పొరపాటా? మెడ మీద తలకాయ ఉన్నవాళ్లు చేసే పనేనా ఇది?" ఓనరు సరుకు అమ్మే మనిషి, మిషను ముట్టుకున్న మనిషి కాదు. మేస్త్రి మాట ఆయనకి వేదం. "ఈవిణ్ణి ఆ మూల బల్ల దగ్గర కూర్చోబెట్టు మేస్త్రీ. మిషను మీదికి వేరే మనిషిని చూస్తాను. దొరికేదాకా నువ్వే లాగించు."

మూల బల్ల అంటే చేతకాని వాళ్లకీ చేతులు పడిపోయిన వాళ్లకీ ఇచ్చే చోటు. పిన్నుల అంచులకి ఉన్న గరుకు రాకడం, నూనె తుడవడం, ఏరడం. పిచ్చుక తన తువ్వాలు తీసుకుని అక్కడికి నడిచింది.  భర్త పోయాక అక్క ఇంటి మీది గదిలో తల దాచుకుంది. తినేది అక్క వంట, కప్పుకునేది అక్క ఇచ్చిన దుప్పటి. ఇది నాది అని గట్టిగా చెప్పుకోడానికి ఆమెకి ఉన్నది ఆ మిషను మీద చోటొక్కటే.

మధ్యాహ్నం బావే ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఏమే, నీ పీట ఎక్కితే నా తల దూలానికి తగులుతోంది. ఎలా నిలబడ్డావే ఇన్నేళ్లు?"

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నీ పరువు తీశాను బావా."

"ఛ, ఊరుకో." ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. "ఆయన కోపం పాలపొంగు. నాలుగు రోజులు ఓపిక పట్టు. నేను చూసుకుంటాగా."

నేను చూసుకుంటాగా అన్న ఆ మాటకి ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. కృతజ్ఞతతోనే తిరిగాయి పాపం.

*

అక్క ఆ సాయంత్రం తిట్టలేదు. మామూలుగా అయితే అక్క నోటికి తాళం ఉండదు. చెప్పులు అడ్డంగా విడిచినా, గిన్నె బోర్లించకపోయినా ఏకరువు పెడుతుంది. షాపులో ఇంత జరిగినందుకు ఈపాటికి వీధి వీధంతా వినపడాలి. అలాంటిది, వద్దన్నా వినకుండా ఇంకో గరిటె అన్నం పెట్టి, "తిను, తిను. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో," అంది. బావ తల వంచుకుని తిన్నాడు, తొందరగా లేచిపోయాడు. తన వల్ల ఆయనకి అన్నం కూడా సయించడం లేదని పిచ్చుక ఇంకాస్త కుంచించుకుపోయింది.

మర్నాడు బావ కాపీ లేతు నడిపాడు. ఆయన కోసిన పిన్నుల మెడలు అద్దాల్లా ఉన్నాయి. గేజీలు పట్టే పెద్దాయన ఒకటి తీసి చూసి, ఏమీ అనకుండా తట్టలో పడేశాడు. మూల బల్ల దగ్గర్నుంచి అది చూసి, తప్పు తనదేనని పిచ్చుక ఇంకోసారి ఒప్పుకుంది. 

తిరిగొచ్చిన పెట్టెలోంచి బాగున్న పిన్నులు ఏరమని ఆమెకి పురమాయించారు. టూలు మధ్యలో చిట్లి ఉంటుంది కదా, దానికి ముందు కోసినవి బాగుంటాయి అని లెక్క. ఒకటి తీసింది, గీత ఉంది. పక్కన పెట్టింది. ఇంకొకటి, గీత. ఇంకొకటి. పొద్దెక్కేసరికి ఎడమవైపు గుట్ట పేరుకుంది, కుడివైపు బల్ల ఖాళీగానే ఉంది.

తన పని తనకి తెలియకుండా పోతుందా? పెట్టెలో అడుగువరసలో పిన్నులు కొంచెం మసగ్గా ఉన్నాయి, అవి పాత టూలువి. పైవి నిగనిగలాడుతున్నాయి, అవి టూలు మార్చాక కోసినవి. మార్చిన సంగతి ఆమెకి బాగా గుర్తుంది. ఆ రోజు వేలు తెగి పీలిక చుట్టుకుంది కూడా. మసగ్గా ఉన్నదొకటీ నిగనిగలాడేదొకటీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటికీ గీత ఒకే చోట ఉంది.

రెండు టూళ్లూ ఒకేలా చిట్లుతాయా?

గోరుతో గీతని తడిమింది. తర్వాత ఒంటిని తడిమింది. ఒళ్లు నున్నగా ఉంది. అప్పుడు తట్టింది ఆమెకి. టూలు మొన చిట్లితే ఒళ్లు పొడవునా గీక్కుంటూ పోవాలి కదా! ఒక్క మెడ దగ్గరే చిట్లి, తర్వాత అతుక్కుని, మళ్లీ ఇంకో పిన్ను మెడ దగ్గరికి రాగానే చిట్లే మొన ఎక్కడుంది? ఒకే చోట, ప్రతి పిన్నుకీ గీత పడిందంటే దానికి కారణం ఒకటే. మాస్టరు. పలక అంచున ఆ చోట గుంట పడింది. ముల్లు దాంట్లోకి దిగిన ప్రతిసారీ ఇవతల టూలు పిన్ను మెడలోకి దిగింది.

లేతు పని చేసేవాళ్లకి ఇది ఓనమాలు. ఆమెకీ తెలుసు. అయినా ఇంతసేపూ ఆ వైపు ఆలోచన పోనివ్వనిది బావ మాట.

తప్పు తనది కాదని తెలిస్తే మనిషికి ప్రాణం లేచి రావాలి. పిచ్చుక మాత్రం చేతిలోని పిన్నులు రెండూ బల్ల మీద పెట్టేసింది. ఆ పిన్నుని బావ కిటికీ దగ్గర అంతసేపు తిప్పాడు. ఆయనకి తెలియకుండా ఉంటుందా?

బావ ఓనరు గదిలోకి వెళ్లినప్పుడు ఆమె లేచి కాపీ లేతు వెనక్కి నడిచింది. బిగించి ఉన్న మాస్టరు కొత్తది. అంచున ఆకురాయి జాడలు ఇంకా పచ్చిగా మెరుస్తున్నాయి. పాతది అక్కడ లేదు. చేజారి కిందపడ్డ మాస్టరుకి ఎర్రరంగు పూసి గోడకి తగిలించాలని ఆ షాపులో కట్టడి. దాన్ని మళ్లీ ఎవరూ వాడకుండా, పడేసినవాడు పడేశానని పదిమందిలో ఒప్పుకునేలా మేస్త్రే పెట్టిన కట్టడి అది. గోడ మీద ఎవరెవరివో ఎర్ర పలకలు వేలాడుతున్నాయి. కొత్తగా చేరింది ఏదీ లేదు.

గేజీల పెద్దాయన ఆమెనే చూస్తున్నాడు. ఆమె తన వైపు నడిచి రావడం చూసి గేజీ తుడవడం మొదలుపెట్టాడు.

"మీకు తెలుసు కదూ?" అంది.

"దేని గురించమ్మా?"

"టూలు చిట్లితే గీత ఎలా పడుతుందో మీకు తెలీదా?"

ఆయన గుడ్డని మడత మీద మడత పెట్టాడు. "మేస్త్రి అంతమాట అన్నాక నేనేం మాట్లాడతాను? నువ్వు కూడా ఒప్పుకున్నావు. బావా మరదళ్లు, ఇంటి వ్యవహారం, ఏదో అనుకునే చేస్తున్నారనుకున్నా."

డ్రిల్లు దగ్గర మనిషి గబుక్కున చూపు తిప్పుకున్నాడు. బఫింగు చక్రం మీద మెరుగు పెట్టే ఆయన వంగి నేల మీద ఏదో వెతుక్కున్నాడు. అందరికీ తెలుసు. మొత్తం షాపులో తెలియనిది తనొక్కదానికే. నమ్మినందుకు తెలియలేదు. ఆమెకి సిగ్గేసింది. తప్పు చేసినవాళ్లకి పట్టాల్సిన సిగ్గు వచ్చి తనకి పట్టింది.

*

సాయంత్రం బస్సులో బావ పక్క సీట్లో కూర్చోలేదు ఆమె. తలనొప్పని చెప్పి వెనక్కి పోయింది. ఇంటి సందు మొదట్లో ఆయన ఎవరితోనో మాటల్లో పడి ఆగిపోతే, తను ముందుగా వచ్చేసింది. అక్క మంచం మీద బట్టలు మడతపెడుతోంది. పిచ్చుక ఎదురుగా నేల మీద కూర్చుంది. దారి పొడుగునా ఎన్నో మాటలు పేర్చుకుంది గానీ నోటికి వచ్చింది ఒకటే.

"అక్కా, తప్పు నాది కాదే."

అక్క ఉలిక్కిపడుతుందనుకుంది. అదేమిటే అంటుందనుకుంది. అక్క చేతిలో ఉన్న చొక్కాకి కాలరు సరిచేసి, చేతులు లోపలికి మడిచి, గుట్ట మీద పెట్టింది.

"తెలుసు," అంది.

గది చాలా చిన్నది. వినపడలేదనుకోవడానికి వీల్లేదు.

"ఎప్పుడు తెలుసు?"

"పలక కింద పడ్డ రోజే చెప్పారు ఆయన. ఇంటికొచ్చి పిల్లాడిలా ఏడ్చారు." అక్క గొంతు తగ్గించింది. "ఆయన చెయ్యి వణుకుతోందే. కొన్నాళ్లుగా వణుకుతోంది. పలక చేతిలో నిలవలేదు. అంచు లేచిందట, ఆకురాయితో సరిచేశారట, అది కాస్తా ఎక్కువ దిగింది. మేస్త్రికి చెయ్యి వణుకుతోందని బయటపడితే ఇంకేముందే? రేపటినుంచి ఆయన్ని ఎవరు పిలుస్తారు?"

"అందుకని నన్ను చూపించాడా?"

"చూపించాలని అనుకోలేదు. అందరూ చుట్టూ నిలబడ్డారు, ఆ కంగారులో నోటికి అది వచ్చింది. వచ్చాక వెనక్కి ఎలా తీసుకుంటారు? నీకేం, చిన్నదానివి. ఇంకో చోట పని దొరుకుతుంది. మేం నలుగురం ఆయన చెయ్యి మీద బతుకుతున్నాం. నువ్వు... నువ్వు ఒక్కదానివి కదే."

అక్క ఆ మాట కర్కశంగా అనలేదు. ఎంతో ప్రేమగా, చిన్నప్పుడు పెద్ద ముక్క తమ్ముడికి ఇచ్చెయ్యమని నచ్చజెప్పినట్టు అంది. అదే పిచ్చుకని చంపేసింది. ఒక్కదాన్ని కాదనే కదా ఇన్నేళ్లూ ఈ ఇంట్లో మెలిగింది! వాళ్లు కూర్చుని లెక్క వేసుకున్నారు. ఎవరు పడితే తక్కువ చప్పుడవుతుందో చూసుకున్నారు. నిన్న వడ్డించిన గరిటె అన్నం కూడా ఆ లెక్కలోదే.

"నాకు ముందే చెప్పి అడిగుంటే..." అంది ఆమె.  అడిగుంటే ఒప్పుకునేదేమో. ఆ సంగతి తలుచుకుంటే ఇంకా ఏడుపొచ్చింది.

"అన్నం తిని పడుకో. పొద్దున్నే అన్నీ సర్దుకుంటాయి," అంది అక్క, ఇంకో చొక్కా అందుకుంటూ.

పిచ్చుక మేడ మీదికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ పూట తిండి తినలేదు. కింద నుంచి రెండుసార్లు పిలుపు వచ్చింది, మూడోసారి రాలేదు.

*

మర్నాడు బస్సుల కంపెనీ ఇంజనీరు వచ్చాడు. ఓనరు గది అద్దాల్లోంచి బావ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉండటం కనిపిస్తోంది. కాసేపటికి గుమాస్తా వచ్చి, "నిన్ను రమ్మంటున్నారు," అన్నాడు. ఆమె చేతి నూనె తుడుచుకుని వెళ్లింది.

ఇంజనీరు నెమ్మదస్తుడు. బల్ల మీద గీత పడ్డ పిన్ను పెట్టుకుని కూర్చున్నాడు. "ఏం లేదమ్మా. ఈ పెట్టె వెనక్కి పంపాం, సరే. దీనికి ముందు వచ్చిన పెట్టెలున్నాయి. అవి ఇప్పటికే బళ్లకి బిగించేశాం. మేస్త్రిగారు ఆ పెట్టెలకేం ఢోకా లేదంటున్నారు. కోసింది నువ్వు కాబట్టి నిన్ను అడుగుదామని."

"ఆ ఒక్క పెట్టేనండి," అన్నాడు బావ. ఆమె వైపు తిరిగి, తేనె పూసిన గొంతుతో, "చెప్పు పిచ్చుకా. టూలు ఆ పెట్టెలోనేగా చిట్లింది?" అన్నాడు.

అవునంటే అయిపోతుంది. మూల బల్ల దగ్గర కొన్నాళ్లు కూర్చుంటే బావ ఓనరుని ఎలాగో మెత్తబరుస్తాడు. ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆమె బావ మొహంలోకి చూసింది. ఆయన అప్పుడే తేలికపడ్డాడు. తను ఏం చెబుతుందో అని ఆయనకి భయం లేదు. అది చూశాక ఆమెకి కోపం తన్నుకొచ్చింది. పొద్దున తనూ ఆయనా ఎక్కి వచ్చిన బస్సు కూడా ఆ కంపెనీదే. దాని స్టీరింగులో ఉన్నది ఏ పెట్టె పిన్నో ఈయనకి తెలుసా?

"కాదండి," అంది ఇంజనీరుతో. "టూలు చిట్లితే గీత ఒళ్లంతా పడుతుంది. ఇది ఒక్క చోటే ఉంది. మాస్టరు కిందపడింది. పడ్డ రోజు నుంచి కోసిన ప్రతి పిన్నుకీ ఈ గీత ఉంటుంది. ఆ రోజు ఏదో మేస్త్రిగారు చెప్పాలి. నాకు తెలీదు."

ఇంజనీరు తల ఊపాడు. "నాకూ అదే అనుమానం. అందుకే అడిగాను."

ఓనరు మేస్త్రి వైపు చూశాడు.  బావ కట్టుకున్న చేతులు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు.

"గాలివాన పడిన రోజండి," అన్నాడు చివరికి. "కరెంటు పోయింది. చీకట్లో చెయ్యి జారింది."

ఆ రోజు కరెంటు పోలేదు. పిచ్చుకకి తెలుసు, సాయంత్రం దాకా మిషను నడిపింది తనే. చెయ్యి వణికింది అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. బావ కళ్లు ఆమె మీదే ఉన్నాయి. ఆమె ఆ మాట మింగేసింది.

పైకప్పు విరిగి పడుతుందనుకుంది ఆమె. పడలేదు. ఓనరు బల్ల మీద ఒకటి చరిచాడు. "ఇది చెప్పడానికి నీకు నోరు రాలేదా మేస్త్రీ? నా పీకల మీదికి తెచ్చావు కదయ్యా!" అని కాసేపు ఎగిరాడు. ఇంజనీరు ఎదుట చెయ్యాల్సినంత చేశాడు. ఆ తర్వాత చల్లబడ్డాడు. "సరే, ఆ రోజు నుంచి వెళ్లినవన్నీ విప్పించి వెనక్కి తెప్పిద్దాం. మేస్త్రీ, అదే మాస్టరు ఇంకోటి చేసి ఉంచు, అదనంగా. నువ్వు కాక ఇంకెవరు చేస్తారు? పిచ్చుకా, నీ మిషను మీదికి నువ్వు పో."

అంతే. అయిపోయింది. ఆయన పని పోలేదు, మేస్త్రి అన్న పిలుపూ పోలేదు. మొదటి రోజు కిటికీ దగ్గర ఒక్క మాట ఒప్పుకుని ఉంటే ఇంతకన్నా ఏమీ జరిగి ఉండేది కాదు. ఈ మాత్రం దానికా, అనుకుంది పిచ్చుక. ఈ మాత్రం చీవాట్లు తప్పించుకోడానికా నన్ను బలి ఇచ్చేశారు?

ఆమె వెళ్లి పీట ఎక్కింది. కోయాల్సిన ఉక్కు ఊచ బిగించి, టూలు మొన తడిమి, మిషను తిప్పింది. మొదటి పిన్ను సగం కోత పడేసరికి బావ వచ్చి పక్కన నిలబడ్డాడు. మొహం కడుక్కుని వచ్చాడు. బరువు దిగిన మనిషిలా ఉన్నాడు.

"చెయ్యి సంగతి చెప్పలేదు నువ్వు," అన్నాడు మెల్లగా. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "చెప్పవని నాకు తెలుసే. ఎంతైనా మన పిచ్చుకవి. జరిగిందేదో జరిగిపోయింది, మనసులో పెట్టుకోకు. అక్క నిన్నటినుంచి నీ గురించే బెంగ పెట్టుకుంది. సాయంత్రం కలిసే వెళ్దాం."

ఆమె మిషను ఆపలేదు. కోత చివరికి వచ్చేదాకా ఆగి, పిన్ను తీసి, గుడ్డతో తుడిచింది.

"కొంచెం పక్కకి జరగండి మేస్త్రిగారూ, ఇనప రజను కళ్లలో పడుతుంది," అంది. "అక్కకి ఒక మాట చెప్పండి. ఇవాళ్టినుంచి నా వంట నేనే చేసుకుంటాను. నేను ఒక్కదాన్నే కదా, ఎంతసేపు పడుతుంది?"

ఆయన ఏదో అనబోయాడు. ఆమె ఇంకో ఊచ అందుకుంది.